పదమూడో అమావాస్య

వేపపూత రాలుతోంది.

చప్పుడు లేదు. అంత మెత్తగా రాలడం వేపపూతకే చేతనవును. అరుగు మీద, గోడ మీద, ఎండకు వేసిన నులకమంచం మీద, శంకరప్ప బట్టతల మీద — తెల్లగా, చేదుగా, తేలిగ్గా…

ఆ పొద్దు ధర్మవరంలో మగ్గాలు లేవలేదు. ఉగాది. ధాత నామ సంవత్సరం వచ్చి వీధి మొదట్లో నిలబడింది. తెల్లారింది మొదలు పొద్దుగుంకే దాకా టకటకలాడే నేతవీధి ఒక్కసారిగా ఊరుకుంటే, చెవిలో ఎవరో దూది పెట్టినట్టుంటుంది.

శంకరప్ప అరుగు మీద కూర్చుని, అరఠావు కాగితం మోకాలి మీద పరుచుకుని, ‘శ్రీ’ అని రాశాడు.

అరవై ఏళ్ళ చెయ్యి. పట్టుపోగు తెగితే చూడకుండా ముడివేసే చెయ్యి. కలం పట్టేసరికి బడిపిల్లాడి చెయ్యి అయింది.

శ్రీ — రాశాడు. ఆగాడు.

ఉగాదినాడు ఏ పని మొదలుపెడితే అది ఏడాదంతా సాగుతుందని ఆ వీధి నమ్మకం. అందుకే ఆ ఒక్క అక్షరం. పండగనాటికి అది చాలు.

లోపల ఆయన భార్య హనుమక్క పచ్చడికి చింతపండు పిసుకుతోంది. ఏమే, అని పిలిచాడు.

పలకలేదు.

పలకదని తెలుసు. తెలిసినా పిలుస్తాడు. నలభై ఏళ్ళ అలవాటు ఒక పక్క, ఆమె ఏడాది చెవుడు ఒక పక్క — ఏది గట్టిదో ఇంకా తేలలేదు.

*

ఆయన కథలు చెప్పేవాడు.

వీధిబడిలో ఐదేళ్ళు చదివాడు. ఎక్కాలు తప్పేవి గానీ కోతలు తప్పేవి కావు. ఆయన చెబితే చిత్రావతి వెనక్కి పారేది. ఆయన చెబితే హిందూపురం రైలు మలుపులో నిలబడి, కథ మిగతాది విని, ఆలస్యమైనందుకు రెండు కూతలు ఎక్కువ కూసి పోయేది.

గుంటలో కాళ్ళు పెట్టుకుని ఆయన మగ్గం నేసేవాడు. పక్కన రాట్నం ముందు కూర్చుని ఆమె కండెలు చుట్టేది — నాడెలో పెట్టే చిన్న చిన్న పట్టు చుట్టలు. నాడె అటు పోయేది. ఇటు వచ్చేది. కథ మాత్రం ముందుకే పోయేది.

ఆమె ఊ కొట్టేది.

ఊ —

ఆ ఊ ఒక రకం కాదు. నమ్మిన ఊ ఒకటి. నమ్మకపోయినా పోనీలే అనే ఊ ఒకటి. పొయ్యి మీద పప్పు పొంగుతుందేమోనని ఒక చెవి అటు పెట్టి అనే ఊ ఒకటి. కోపం వచ్చిన పొద్దు కూడా ఊ మానలేదు. ఆ పొద్దు ఊ కొంచెం పొట్టిగా ఉండేది, అంతే. ఆమె పుట్టిల్లు పరిగి. హిందూపురం పక్క. ఇంట్లో కన్నడం. అందుకే ఆమె ఊ ముక్కులోంచి, కాస్త తేనె పూసుకుని వచ్చేది —

హూఁ.

పోయినేడు ఒకనాడు కథ మంచి మలుపులో ఉంది. పెనుకొండ కొండకు దాహమేసింది. లేచింది. ఒళ్ళు దులుపుకుని చెరువు దగ్గరికి నడిచి వచ్చింది. వంగింది…

శంకరప్ప ఆగాడు. ఊ రావాలి.

రాలేదు.

అలిగిందనుకున్నాడు. మూడు రోజులు బతిమాలాడు. నాలుగో రోజు ఆమె వెనక నిలబడి ఇత్తడి చెంబు బండ మీద వదిలాడు. వీధిలో కుక్క లేచింది. పక్కింటి గంగప్ప నాడె ఆపాడు. హనుమక్క రాట్నం తిప్పుతూనే ఉంది.

చెంబు దొర్లి దొర్లి ఆమె కాలికి తగిలింది. అప్పుడు తిరిగి చూసింది.

చెంబును కాదు. ఆయన ముఖాన్ని.

తర్వాత మాట కూడా పోయింది. తన గొంతు తనకు వినపడక ఆమె గట్టిగా మాట్లాడేది. బావి దగ్గర ఆడవాళ్ళు నవ్వారు. ఆ పొద్దు ఇంటికి వచ్చి కడవ దించింది. కడవతోపాటు మాటనూ దించేసింది. ఆ తర్వాత అన్నీ సైగలే. ఉప్పుకు ఒక సైగ. నీళ్ళకు ఒక సైగ.

సైగల్లో ఊ లేదు.

కొండ ఇంకా చెరువు మీద వంగే ఉంది. నీళ్ళు తాగలేదు. తాగించే దిక్కు లేదు.

అందుకే కాగితం. ఆమెకు చదువు వచ్చు. పరిగిలో వాళ్ళ నాయన ఇసకలో అక్షరాలు దిద్దించాడు. కన్నడ అక్షరాలే, అయితేనేం… తెలుగక్షరాలకు తలకట్టు వేరు గానీ ముఖాలు చాలావరకు ఒకటే. చూసుకుంటూ పోతే గుర్తుపట్టదా.

*

ఆ సాయంత్రం చౌడమ్మ గుడిలో పంచాంగ శ్రవణం.

అయ్యవారు చదువుతున్నాడు. వాన ఎన్ని పాళ్ళు, గాలి ఎన్ని పాళ్ళు, ఏ ధాన్యానికి ఏ గ్రహం పెద్ద. శంకరప్ప చివరి వరసలో చేరి, గంగప్పకు పెనుకొండ కొండకు జలుబు చేసిన వైనం చెబుతున్నాడు. చెరువు మీద అన్నాళ్ళు వంగి నిలబడితే ఎవరికైనా జలుబు చేస్తుంది కదా.

ఆ పొద్దు అయ్యవారు చదివినవాటిలో ఒక మాట ఉంది. శంకరప్ప కోసమే పంచాంగంలో రాసిపెట్టినట్టుంది ఆ మాట.

సరిగ్గా ఆ మాటప్పుడే కొండ తుమ్మింది.

గంగప్ప నవ్వాడు. మాట పోయింది.

పచ్చడి పంచుకుంటూ, ఈ యేడు తన కథలు రాస్తానని శంకరప్ప బయటపెట్టాడు. హనుమక్క చదవడానికి. గంగప్ప నమ్మలేదు. నువ్వు చెప్పిన కథ రెండోసారి చెప్పేటప్పటికి దాన్ని కన్నతల్లి కూడా గుర్తుపట్టదు, కాగితం మీద పెడితే పాపం అది ఎట్లా కదులుతుంది, అన్నాడు. చుట్టూ ఉన్న పదిమందీ నవ్వారు.

శంకరప్పకు రోషం వచ్చింది.

“మగ్గం మీద ఒట్టేస్తాండా గంగప్పా. ప్రతి అమావాస్యకూ ఒక కథ. మళ్ళీ ఉగాది లోపల.”

అమావాస్యనాడు ఆ వీధిలో మగ్గం ముట్టరు. చేతులు ఖాళీగా ఉండే పొద్దు అదొక్కటే. ఒట్టు వేస్తూనే మనసులో వేళ్ళు మడిచాడు — పన్నెండు నెలలు, పన్నెండు అమావాస్యలు. రాయాలనుకున్న కథలు కూడా సరిగ్గా పన్నెండు. అన్నీ ఒకే చీర కథలు. పన్నెండింటిలో ఒక్కదానికైనా ఊ రావాలి. గంగప్పతో చెప్పని పందెం అది.

పన్నెండు — అనుకున్నాడు.

ప్రతి — అన్నాడు.

ఆ రెండు మాటల మధ్య ఒక నెల దాక్కుని ఉంది. ఎవరూ చూడలేదు.

*

ఆ చీర సంగతి వీధి అంతటికీ తెలుసు.

పెళ్ళయిన ఏడాది. సొంత మగ్గం మీద మొదటి చీర. అది అమ్మకానికి కాదు, హనుమక్కకే అన్నాడు. వంకాయ రంగు ఒళ్ళు, మామిడిపిందెల అంచు. రెండు నెలలు నేశాడు. నేస్తూ కథలు చెప్పాడు. కొత్తపెళ్ళికూతురు తల వంచుకుని కండెలు చుట్టింది. వింటుందో లేదో తెలిసేది కాదు. అప్పటికింకా నోరు విప్పలేదు.

పరిగిలో అత్తగారికి ముందు చూపించి తేవాలని ఆచారం పెట్టుకున్నాడు. తెల్లవారుజామున దీపం ముందు మగ్గం మీంచి చీర కోశాడు. మడిచాడు. ఎవరికీ చూపించలేదు. రైలెక్కాడు.

పెనుకొండ దగ్గర కొండ మీంచి గాలి వచ్చింది. రైలు కిటికీలో చెయ్యి పెట్టింది. చీరను ఎత్తుకుపోయింది.

మర్నాడు వట్టి చేతులతో ఇంటికి వచ్చి అదే చెప్పాడు. అమ్మ తల కొట్టుకుంది. ఇరుగూ పొరుగూ వచ్చారు. గంగప్ప, అప్పటికి మీసాలు రాని గంగప్ప, గాలి ఏ పక్క నుంచి వచ్చిందని అడిగాడు.

పెళ్ళికూతురు తలెత్తింది. మొదటిసారి.

హూఁ — అంది.

ఊ అంటే తర్వాత ఏమైందని. కాబట్టి గాలి తర్వాత ఎటు పోయిందో చెప్పక తప్పలేదు. ఆ మర్నాడు ఇంకొంచెం. ఆ మర్నాడు ఇంకొంచెం…

నలభై ఏళ్ళు.

*

చైత్ర అమావాస్య.

మగ్గం ఊరుకుంది. శంకరప్ప రాశాడు. గాలి వచ్చింది. చీర విప్పుకుంది. పెనుకొండ కొండ నడుముకు మూడు చుట్లు చుట్టుకుని, కొంగు కోట మీద పడింది. రైల్లో వాళ్ళు పెళ్ళికూతురనుకుని దణ్ణాలు పెట్టారు.

సిరా ఆరకముందే తీసుకుపోయి హనుమక్క ఒడిలో పెట్టాడు.

ఆమె చూసింది. కాగితాన్ని, ఆయన్ని. వేలు పెట్టి చదవడం మొదలుపెట్టింది. ఒక్కో అక్షరం దగ్గర వేలు ఆగేది. పెదవులు కదిలేవి. గొంతు కదిలేది కాదు. పొయ్యి మీద అన్నం ఉడికి, మాడి, వాసన కూడా వచ్చింది. అప్పటికి చివరికి చేరింది.

శంకరప్ప ఆమె నోటి వంక చూస్తూ కూర్చున్నాడు.

ఆమె కాగితం మడిచింది. కండెల బుట్టలో పెట్టింది. లేచి అన్నం దించింది.

ఊ లేదు.

వైశాఖ అమావాస్య. ఓబులదేవరచెరువు గొర్రెలు చీర కొంగు కొరికాయి. ఆ యేడు పుట్టిన గొర్రెపిల్లలన్నిటికీ ఒంటినిండా మామిడిపిందెలు. బొచ్చు కత్తిరించడానికి కాపరులకు చేతులు రాలేదు. ఈసారి శంకరప్ప ఊ రావలసిన చోటల్లా కాస్త తెల్లచోటు వదిలాడు. ఆమె వేలు ఆ తెల్లచోటు దాకా వచ్చింది. కాలవ దాటినట్టు దాటింది. అవతలి మాట మీద వాలింది.

ఊ లేదు.

జ్యేష్ఠ అమావాస్య. కొత్తచెరువు ఊళ్ళో వాన లేదు. రైతులు చీరను పందిరిగా లాగి కట్టారు. ఆ నీడకే శనక్కాయ మొలిచింది. సగం చదివి హనుమక్క చెయ్యి చాపింది. కలం కావాలని. కాగితం పక్కన ఆయన ‘త’ రాసిన చోట తన ‘త’ రాసింది. ఆయన ‘క’ పక్కన తన ‘క’. నాలుగక్షరాలు. ఆ నాలుగే ఆమెకు కొరుకుడు పడనివి.

శంకరప్ప ఆ నాలుగూ నేర్చుకున్నాడు. అరవై ఏళ్ళకు మళ్ళీ ఇసకలో దిద్దాడు. ఆషాఢం కథ ఆమె అక్షరాలతో రాశాడు. తెలుగు మాటలు, పరిగి తలకట్లు.

ఆమె వేలు ఎక్కడా ఆగలేదు. నీళ్ళలా పోయింది. చివర్లో కాగితం మీద చెయ్యి పెట్టి కాసేపు ఉంచింది.

ఊ మాత్రం లేదు.

శ్రావణం. వాన. చీర తడిసింది, రంగు పోలేదు. ఐదో కాగితం బుట్టలోకి పోయింది.

*

భాద్రపదం వచ్చింది.

చవితినాడు పొద్దున్నే లేచి శంకరప్ప చేను గట్టు మీద గరిక కోశాడు. ఉత్తరేణి కోశాడు. మారేడు, రేగు, జమ్మి — ఇరవై ఒక్క రకాల పత్రి. రెండు చేతుల నిండా పట్టుకుని, వినాయకుడి మట్టి బొమ్మ కోసం వీధి వీధీ తిరిగాడు.

బొమ్మ లేదు. మామిడాకు తోరణం లేదు. ఏ ఇంట్లోనూ ఉండ్రాళ్ళ వాసన లేదు.

మగ్గాలు మాత్రం టకటకా ఆడుతున్నాయి.

అరుగుల మీది వాళ్ళు ఒకరి తర్వాత ఒకరు తలలు తిప్పారు. ఎవరూ ఏమీ అనలేదు. అనడానికి గంగప్ప ఉన్నాడు కదా.

“ఏమప్పా శంకరప్పా, ఆ పత్రి ఎవురికి? పండగ వచ్చే నెల గదా. ఇది అధిక భాద్రపదం. ఉగాదినాడు అయ్యవారు చదివె. నువ్వు కొండకు జలుబు చేపిస్తాంటివి.”

వీధి నవ్వింది. ఆ చివర్నుంచి ఈ చివరికి నాడె పోయినట్టు పోయింది నవ్వు.

శంకరప్పా నవ్వాడు. ఇంతలో గంగప్ప వేళ్ళు మడవడం మొదలుపెట్టాడు. రెండు భాద్రపదాలు. పదమూడు నెలలు. పదమూడు అమావాస్యలు. మళ్ళీ మడిచాడు. మళ్ళీ పదమూడే.

ఒట్టు పన్నెండుకే అని శంకరప్ప. ఒట్టులో పన్నెండనే మాటే లేదని గంగప్ప. ప్రతి, అన్నావు. చౌడమ్మ విన్నది. నేను విన్నా.

వాదులాట కాసేపు సాగింది. చివరికి గంగప్ప మగ్గంలోకి దిగుతూ, నవ్వకుండా, ఒక మాట అన్నాడు.

“అధికం పోయినాంక నిజం వస్తాది. అధిక భాద్రపదం, ఆమీట నిజ భాద్రపదం. పంచాంగమే చెప్తాండాది. నీవి అన్నీ అధికాలే గదప్పా… నిజం ఎప్పుడు?”





శంకరప్ప పత్రి తీసుకుపోయి మేక ముందు వేశాడు. ఇరవై ఒక్క రకాలనూ మేక ఒకే రకంగా తినేసింది.

*

ఆ తర్వాత చీర కాస్త బరువెక్కింది.

అధిక భాద్రపదంలో కొంచెం, నిజ భాద్రపదంలో ఇంకొంచెం. దీపావళి అమావాస్యనాడు ఇంకా. రాయడం ఆగలేదు. చీర హిందూపురం దాకా ఎగిరింది, చిలకల గుంపుతో పందెం కట్టింది, ఒక యేడు మబ్బుకు అతుకుపడింది. మాటలు వచ్చేవి. నాడె పోయినట్టు కలం పోయేది. కానీ ప్రతి కథ చివరా ఆ మాట వచ్చి పక్కన కూర్చునేది —

నిజం ఎప్పుడు?

మాఘ అమావాస్యకు పన్నెండో కథ. చీర ఆకాశానికి చేరింది. వాన వెలిసినప్పుడు ఏడు రంగుల్లో కనిపించేది అదే. ఇక దాన్ని కిందికి దించేవాడు లేడు. బాగా కుదిరింది. ఆయనకే ముచ్చటేసింది.

హనుమక్క చదివింది. మడిచింది. పన్నెండు కాగితాలు బుట్టలో.

పన్నెండు తెల్లచోట్లు ఆయన గుండెలో.

పదమూడోది రాద్దామని కూర్చున్నాడు. ఆకాశం అయిపోయింది. భూమి అయిపోయింది. చీరను పాతాళానికి పంపుదామా అనుకున్నాడు. పంపబోతే కలం వెనక్కి తిరిగింది. మొదటి కథ దగ్గరికి. దానికీ ముందుకు. రైలు పెనుకొండ చేరకముందటి ఒక నిమిషానికి.

పదమూడో కథ చివర్లో లేదు.

మొదట్లో ఉంది.

*

ఫాల్గుణ అమావాస్య.

మగ్గం ఊరుకుంది. ఎండ ముదిరింది. గోడ నీడ పిల్లిలా గోడనే అంటిపెట్టుకుని పడుకుంది.

శంకరప్ప ఒక్కో మాటా రాశాడు. ఆమె అక్షరాలతోనే. తెల్లచోట్లు వదలలేదు.

పెనుకొండ దగ్గర గాలి రాలేదు.

ఎండ వచ్చింది.

కిటికీలోంచి ఎండ వచ్చి ఒడిలో పడింది. ఒక్కసారి చూసుకుందామని మడత విప్పాను. ఒక చార వంకాయ రంగు. ఒక చార నేరేడు రంగు. రెండు విడతలుగా అద్దిన పట్టు. ఇంటి చీకట్లో రెండూ ఒకటిగానే ఉన్నాయి. కథ చెప్పుకుంటూ, చూడకుండా చెయ్యి పెట్టి, ఏ కండె అందితే ఆ కండె నాడెలో పెట్టాను. మొదటి చీరకే తప్పు నేశాను. మీ అమ్మ ముందు ఎట్లా విప్పను? పరిగికి పోలేదు. హిందూపురం సంతలో ముఖం తెలియని మనిషికి ఇచ్చేసి వచ్చాను. నీకు గాలి అని చెప్పాను.

అంతే.

పన్నెండు కథలూ అరఠావు నిండాయి. ఇది నిండలేదు. కింద చాలా చోటు మిగిలింది.

ఆమె రాట్నం దగ్గర ఉంది. కాగితం ఒడిలో పెట్టాడు. ఎప్పుడూ ఎదురుగా కూర్చుని నోటి వంక చూసేవాడు. ఈసారి గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. నలభై ఏళ్ళ కథల కింద ఉన్న ఒకే ఒక్క పోగు తెంపి ఆమె చేతికిచ్చాడు. ఇక మొత్తం ఊడిపోతుంది. పెనుకొండ నడుము మీంచి, గొర్రెల ఒంటి మీంచి, ఆకాశం మీంచి… ఊడిపోతుంది. ఊ కోసం మొదలుపెట్టిన ఏడాది. ఉన్నది కూడా పోయేటట్టుంది.

గోడ మీద చీమలు పోతున్నాయి.

చాలాసేపు పోయాయి.

“కండెలు కలిపింది నేను.”

ఎవరో వచ్చారనుకున్నాడు. ఆ గొంతు అట్లా ఉంది. బొంగురుగా. తీయక తీయక తలుపు తీసినట్టు. ఉండవలసినదానికన్నా గట్టిగా.

తిరిగాడు. హనుమక్క కాగితం వంక చూడటం లేదు. ఆయన వంకే చూస్తోంది.

“నువ్వు కథ చెప్తాంటివి. వింటా వింటా రెండు బుట్టల కండెలూ ఒక బుట్టలో ఏసినా. నువ్వు రైలెక్కినాంక మిగిలినవి ఎండలో పోసి చూస్తే — రెండు రంగులు. అత్తకు తెలిస్తే ఏమంటాదో అని రెండు దినాలు అన్నం దిగలేదు. నువ్వొచ్చి గాలి అన్నావు.”

ఆగింది. ఊపిరి తీసుకుంది.

“హూఁ అన్నా.”

శంకరప్ప కండెల బుట్ట వంక చూశాడు.

రెండు బుట్టలున్నాయా ఆ రోజుల్లో? ఒకటే కదా ఉండేది… లేక రెండా? తన చెయ్యి గుర్తుంది. చూడకుండా చాపిన చెయ్యి. చెయ్యి చేరినచోట బుట్ట ఎట్లా ఉందో గుర్తులేదు. అది ఎవరి తప్పు? నలభై ఏళ్ళు మోసింది ఆయనా, ఆమా, ఇద్దరూ చెరో కొసనా?

లేకపోతే —

లేకపోతే ఇప్పుడే, ఈ రాట్నం ముందే, ఆయన బరువు సగం దించడానికి ఆమె అల్లిందా? నలభై ఏళ్ళు కోతలు విన్న మనిషికి కొయ్యడం రాకుండా ఉంటుందా? ఆమె కళ్ళల్లో చూశాడు. ఎదుటివాడు నిజం చెబుతున్నాడో కోస్తున్నాడో ధర్మవరంలో శంకరప్పకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

ఆ కళ్ళల్లో ఏమీ తెలియలేదు.

అధికమా?

నిజమా?

పెదవి చివర ఏదో ఉంది. నవ్వు కావచ్చు. మాట్లాడి చాలాకాలమై దవడ నొప్పి కావచ్చు.

హనుమక్క రాట్నం పక్కకు జరిపింది. కాళ్ళు చాపుకుంది. సర్దుకుని కూర్చుంది, చాలాసేపు కూర్చోబోయే మనిషిలాగా.

“మిగిలిన కండెలు యాడ దాచినానో చెప్పేదా?”

చెప్పలేదు. ఆగింది.

ఊ రావాలి.

బయట, రేపు ఉగాది. నెల ఎక్కువైన యేడు కదా, పండగ ఆలస్యంగా వస్తోంది. దాని కోసం పూత ఆగలేదు. వేపచెట్టు నిండా పచ్చిపిందెలు. గాలి తగిలి ఒకటి రాలింది. బండ మీద పడింది. పూతలా కాదు, దానికి చిన్న చప్పుడుంది — టప్…

శంకరప్పకు వినపడలేదు.

ఆయన అంటున్నాడు. ఎప్పుడూ అనని మాట. ఎట్లా అనాలో తెలియక, పొట్టిగా —

ఊ.

ఆమె ఆయన పెదవుల మీద ఆ ఊ చూసింది.